ఉపకళా కణజాలం గురించి, పట్టిక లేకుండా

కడపలోని ఒక జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం చెప్పే నాకు, కణజాలాల పాఠం దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఒకే ఇబ్బంది ఎదురవుతుంది. ఉపకళా కణజాలం (ఎపిథీలియం) అనగానే పిల్లలు నోట్సులో అడ్డగీతలూ నిలువుగీతలూ గీసి, రకం, ఆకారం, ఉండే చోటు, చేసే పని అని నాలుగు గడులు చేసుకొని నింపేస్తారు. ఆ పట్టికకు పరీక్షలో మార్కులు పడతాయి, కాదనను. కానీ ఆహారవాహిక లోపలి గోడకు అనేక వరుసల కణాలు ఉండగా, దాని తర్వాత వచ్చే జీర్ణాశయానికీ పేగుకూ ఒకే ఒక్క వరుస ఎలా సరిపోయిందని అడిగితే తరగతిలో చప్పుడుండదు. పట్టికలో మొదటి గడి పేరుది కావడమే దీనికి కారణమని నా అభిప్రాయం. పేరుకు బదులు చోటుతో మొదలుపెట్టి, అక్కడ ఏది రాసుకుంటుంది, ఏది దాటిపోవాలి, దేన్ని ఆపాలి అని అడుగుతూ పోతే, అక్కడి ఉపకళ ఏ రకానిదో స్లైడు చూడకముందే చాలావరకు చెప్పవచ్చు. ఈ టపాలో ఆ పద్ధతినే అనుసరిస్తాను.

ముందుగా అన్ని రకాలకూ ఉమ్మడిగా ఉండే లక్షణాలు చెప్పుకోవాలి. శరీరపు బయటి తలాన్నీ, లోపలి నాళాల, కుహరాల గోడలనూ కప్పి ఉంచేది ఉపకళ. గ్రంథులు కూడా దాని నుంచే ఏర్పడతాయి. ఇందులో కణాలు ఒకదానికొకటి ఆనుకొని, మధ్యలో దాదాపు ఖాళీ లేకుండా, గట్టి సంధులు, డెస్మోజోములు అనే అతుకులతో బిగిసి ఉంటాయి. పొరకు ఒక వైపు ఎప్పుడూ స్వేచ్ఛగా, గాలికో ద్రవానికో ఎదురుగా ఉంటుంది. రెండో వైపు ఆధార త్వచం అనే పలుచటి పొర మీద ఆని ఉంటుంది. రక్తనాళాలు ఈ త్వచం దాకా వస్తాయి గానీ ఉపకళలోకి ప్రవేశించవు. ఆహారమూ ఆక్సిజనూ కింది సంయోజక కణజాలం నుంచి విసరణ ద్వారా పైకి చేరవలసిందే. చలికాలంలో పొడిబారిన ముంజేతి మీద గోటితో గీస్తే తెల్లటి చార పడుతుందే తప్ప రక్తం రాదు. అప్పుడు చెదిరింది బాహ్యచర్మపు పై వరుసలు మాత్రమే. రక్తం కనిపించిందంటే ఆధార త్వచం దాటి కిందికి వెళ్లినట్టే.

ప్రయోగశాలలో పిల్లలు మొదట చూసే ఉపకళ వాళ్ల సొంత బుగ్గదే. నోరు పుక్కిలించి, శుభ్రమైన పుల్ల మొద్దు కొనతో బుగ్గ లోపలి వైపు మెల్లగా గీరి, ఆ పదార్థాన్ని స్లైడు మీద ఉప్పునీటి చుక్కలో పరిచి, ఒక చుక్క మిథిలీన్ బ్లూ వేసి, గాలిబుడగ రాకుండా కవర్ స్లిప్పు దించాలి. తక్కువ వృద్ధీకరణలో లేత నీలి మచ్చలు మాత్రమే కనిపిస్తాయి. ఎక్కువ వృద్ధీకరణకు మార్చగానే, పలుచగా, అంచులు అక్కడక్కడ మడతపడి, ఐదారు కోణాలతో ఉన్న కణమూ, దాని నడుమ ముదురు నీలి చుక్కగా కేంద్రకమూ స్పష్టమవుతాయి. కొన్ని కణాల మీద చిన్న చిన్న నీలి రేణువులు కూడా కనిపిస్తాయి. అవి నోటిలో మామూలుగా ఉండే బాక్టీరియాలు. ఇంత తేలికగా గీరితే ఊడివచ్చాయంటే, ఈ కణాలు ఎలాగూ రాలిపోవలసిన పై వరుసవని పిల్లలకు అక్కడే చెప్పడం మంచిది. నములుతున్నప్పుడు మెతుకులూ పండ్లూ రాసుకునే చోటు కనుక బుగ్గకు అనేక వరుసలున్నాయి. పై వరుస పోతే కింది వరుస పైకి వస్తుంది.

ఒక వరుస ఉండవలసిన చోటు దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఊపిరితిత్తుల్లో 30 కోట్ల నుంచి 50 కోట్ల దాకా వాయుగోణులు, అంటే చిన్న గాలి తిత్తులు ఉంటాయి. వాటి గోడలన్నీ పరిస్తే సుమారు 70 చదరపు మీటర్ల వైశాల్యం వస్తుంది. ఇక్కడ రాపిడి లేదు, అవసరమల్లా ఆక్సిజను లోపలికీ కార్బన్ డయాక్సైడు బయటికీ ఆలస్యం లేకుండా దాటడమే. అందుకే గోడ సరళ శల్కల ఉపకళతో, అంటే మా యర్రగుంట్ల నాపరాళ్లు నేలమీద సందు లేకుండా పరిచినట్టు అమరిన ఒకే వరుస పలుచటి కణాలతో ఏర్పడింది. గాలికీ రక్తానికీ మధ్య ఉన్న మొత్తం అడ్డు మిల్లీమీటరులో వెయ్యో వంతుకన్నా తక్కువ. అక్కడే, ఆ పలుచటి కణాల మధ్య, కాస్త గుండ్రంగా ఉబ్బిన రెండో రకం కణాలు కూడా కనిపిస్తాయి. ఇవి కప్పే వైశాల్యం నూటికి అయిదు వంతులే అయినా, వాయుగోణులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంటును స్రవించేవి ఇవే. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డలు ఊపిరి తీసుకోవడానికి అవస్థ పడటానికి ప్రధాన కారణం ఈ కణాలు ఇంకా పూర్తిగా పనిలోకి రాకపోవడం. ముందస్తు కాన్పు తప్పదనిపించినప్పుడు తల్లికి స్టెరాయిడ్ ఇంజక్షన్లు ఇచ్చేది ఈ కణాలను త్వరపెట్టడానికే. రక్తకేశనాళికల గోడలూ, ఊపిరితిత్తులను చుట్టిన ప్లూరా పై పొరా కూడా ఇదే శల్కల రకానివి.

ఇప్పుడు చర్మం సంగతి. ఎండా, దుమ్మూ, రాపిడీ, సూక్ష్మజీవులూ ఒకేసారి తగిలే ఈ తలానికి స్తరిత శల్కల ఉపకళ, అంటే అనేక వరుసలుగా పేర్చిన పలుచటి కణాల పొర తప్ప మరొకటి పనికిరాదు. అడుగు వరుసలోని కణాలు నిరంతరం విభజన చెందుతూ, పుట్టినవి పైకి జరుగుతూ, జరిగేకొద్దీ కెరాటిన్ అనే గట్టి ప్రోటీను నింపుకొని, చివరికి కేంద్రకం కూడా లేని పొలుసులై రాలిపోతాయి. ఈ ప్రయాణం సుమారు ఒక నెల. శరీరంలో ఎక్కువ భాగంలో బాహ్యచర్మం మందం మిల్లీమీటరులో పదో వంతు ఉంటే, అరచేతుల్లోనూ అరికాళ్లలోనూ అది ఒక మిల్లీమీటరు దాటవచ్చు. అనంతపురం వైపు శెనక్కాయ చెట్లు పెరికే కాలంలో కూలీల అరచేతులు చూసినవాళ్లకు ఈ పాఠం వేరే చెప్పనక్కర్లేదు. చూపుడువేలు మొదలు దగ్గరా, బొటనవేలికీ దానికీ మధ్య ఉన్న సందులోనూ చర్మం పసుపు పచ్చగా గట్టిపడి, గుచ్చినా నొప్పి తెలియని స్థితికి వస్తుంది. ఒకేచోట మళ్లీమళ్లీ ఒత్తిడి పడటంతో అడుగు కణాలు వేగంగా విభజన చెంది, రాలవలసిన కెరాటిన్ పొరలు పేరుకుపోవడమే చేతులు కాయలు కాయడం. పని ఆగితే కొన్ని వారాల్లో ఆ పొరలు ఊడిపోయి చర్మం మళ్లీ మెత్తబడుతుంది. ఉపకళ తన రకాన్ని మార్చుకోకుండానే, అవసరాన్ని బట్టి మందాన్ని మార్చుకుంటుందనడానికి ఇంతకన్నా తేటతెల్లమైన ఉదాహరణ నాకు తెలియదు.

నోరూ, ఆహారవాహికా కూడా స్తరిత శల్కల రకమే గానీ, అవి ఎప్పుడూ తడిగా ఉంటాయి కనుక అక్కడ పై వరుసలు కెరాటిన్‌తో గట్టిపడవు. చిగుళ్లూ, అంగిలి ముందు భాగమూ మాత్రం కొంత మినహాయింపు. నమిలే ఒత్తిడి అక్కడే ఎక్కువ.

స్తంభాకార ఉపకళ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మొత్తం పాఠంలో నాకు ఇష్టమైన భాగం ఇదే. చిన్నపేగులో ఒక్కొక్క కణమూ నిలువుగా పొడవుగా ఉంటుంది. పై అంచున వేల సంఖ్యలో సూక్ష్మచూషకాలనే అతి చిన్న పొడుచుకులు ఉంటాయి. పేగు మడతలూ, వేళ్లలా పొడుచుకువచ్చిన ఆంత్రచూషకాలూ, వాటి మీది ఈ సూక్ష్మచూషకాలూ కలిసి శోషణ తలాన్ని ఎన్నో రెట్లు పెంచుతాయి. మధ్యమధ్య గాబ్లెట్ కణాలు శ్లేష్మాన్ని వదులుతుంటాయి. కణం పొడవుగా ఉండటం ఎందుకంటే, అందులో పనిముట్లు ఎక్కువ పట్టాలి: పై అంచున పదార్థాలను లోపలికి లాగే ప్రోటీన్లు, నడుమ శక్తినిచ్చే మైటోకాండ్రియాలు, అడుగు అంచున ఆ పదార్థాలను రక్తం వైపు పంపే పంపులు. శల్కల కణం దాటనిస్తుంది. స్తంభాకార కణం ఏరి తీసుకుంటుంది. మనం తిన్న రాగి సంగటిలోని పిండిపదార్థం అంతా చివరికి గ్లూకోజుగా విడిపోయి ఈ ఒక్క వరుస గుండానే రక్తంలోకి చేరాలి.

గ్లూకోజు ఈ కణంలోకి ఒంటరిగా రాదు. పై అంచున ఉన్న వాహక ప్రోటీను ఒక గ్లూకోజు అణువుతో పాటు రెండు సోడియం అయాన్లను కూడా లోపలికి తీసుకుంటుంది. వాటి వెంట నీరు వస్తుంది. ఈ జత రవాణా ఆలోచనను శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ 1960లో ప్రాగ్ నగరంలో జరిగిన సదస్సులో ప్రతిపాదించాడు. దీని విలువ వాంతులూ విరేచనాలూ పట్టుకున్నప్పుడు తెలుస్తుంది. కలరా విషం పేగు కణాల నుంచి క్లోరైడు అయాన్లు బయటికి ధారగా పోయేలా చేస్తుంది, వాటి వెంట నీరూ పోతుంది; కానీ గ్లూకోజునూ సోడియాన్నీ కలిపి లాగే ఏర్పాటు మాత్రం చెడిపోదు. ఆ మిగిలిన దారిలోనే నీటిని తిరిగి ఎక్కించడం ఓఆర్ఎస్ చేసే పని. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో, సెలైన్ సీసాలు చాలనప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీటిని రోగులకు తాగించి మరణాలను బాగా తగ్గించగలిగాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల సిట్రేటు ఉండాలి. ఈ లెక్కలో సోడియమూ గ్లూకోజూ లీటరుకు చెరి 75 మిల్లీమోల్‌లు, అంటే రేణువుల సంఖ్యలో సమానంగా వస్తాయి. ఆ సమానత్వం యాదృచ్ఛికం కాదు. పిల్లాడికి విరేచనాలైతే ఓఆర్ఎస్ రుచి బాగుండదని కూల్ డ్రింకు పట్టించే తల్లిదండ్రులను మా ఊళ్లో ఇప్పటికీ చూస్తాను. చక్కెర మోతాదు మించితే పేగులోకి నీరు ఎదురు తిరిగి వస్తుంది, విరేచనాలు పెరుగుతాయి. ప్యాకెట్ దొరకనప్పుడు ఉప్పు వేసిన పలుచటి గంజి అంతకన్నా ఎంతో మేలు, ఎందుకంటే గంజిలోని పిండిపదార్థం నెమ్మదిగా గ్లూకోజుగా మారుతుంది.

పేగు కణం జీవితకాలం చాలా చిన్నది, నాలుగైదు రోజులు. ఆంత్రచూషకాల అడుగున ఉన్న గుంతల్లో మూలకణాలు కొత్తవాటిని పుట్టిస్తుంటే, పాతవి చూషకం కొనకు చేరి పేగులోకి రాలిపోతాయి. క్యాన్సర్ మందులు వేగంగా విభజన చెందే కణాలను దెబ్బతీస్తాయి కనుక, ఆ చికిత్సలో ఉన్నవారికి నోటిపూతా విరేచనాలూ ముందుగా వస్తాయి.

ఘనాకార ఉపకళకు, అంటే పొడవూ ఎత్తూ దాదాపు సమానంగా ఉన్న కణాల వరుసకు, మన ఎండాకాలమే మంచి ఉదాహరణ. మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడితే బయటికి వచ్చేది ఒకటిన్నర, రెండు లీటర్లే. మిగిలినదంతా నాళికల గోడలోని కణాలు, ఎక్కువగా ఘనాకారమైనవి, వెనక్కి తీసుకున్నదే. అందులో మూడింట రెండు వంతులు మొదటి మెలికల నాళికలోనే పూర్తవుతుంది. కడపలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి చెమట కారుతున్నప్పుడు, మెదడు నుంచి వచ్చే వాసోప్రెసిన్ హార్మోను అందుకొని, సంగ్రహణ నాళపు కణాలు తమ పై అంచున ఆక్వాపోరిన్ అనే నీటి దారులను అదనంగా తెరుస్తాయి. మూత్రం తగ్గి పచ్చబడుతుంది. ఆక్వాపోరిన్లను కనుగొన్నందుకు పీటర్ ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. థైరాయిడ్ గ్రంథిలోనూ ఇదే ఘనాకార వరుస ఉంటుంది, కానీ అది స్థిరమైన ఆకారం కాదు: గ్రంథి చురుకుగా పనిచేస్తుంటే కణాలు ఎత్తు పెరిగి స్తంభాకారంగా మారుతాయి, మందగిస్తే అణిగి చదునవుతాయి. పట్టికలో ఒక్క గడిలో ఇమిడే విషయం కాదిది.

శ్వాసమార్గం విషయానికి వస్తే, వాయునాళంలో ఉన్నది మిథ్యాస్తరిత శైలికామయ ఉపకళ. కేంద్రకాలు వేర్వేరు ఎత్తుల్లో ఉండటంతో అనేక వరుసలున్నట్టు కనిపిస్తుంది గానీ, కణాలన్నీ ఆధార త్వచాన్ని తాకే ఉంటాయి, అంటే నిజానికి ఒకటే వరుస. ఒక్కో శైలికాకణానికి శైలికలనే కదిలే సన్నటి నూగులాంటివి సుమారు 200 ఉండి, సెకనుకు 10 సార్లకు పైగా కొట్టుకుంటూ, గాబ్లెట్ కణాలు వదిలిన శ్లేష్మాన్ని, అందులో చిక్కిన దుమ్ముతో సహా గొంతు వైపు నెడతాయి. జమ్మలమడుగు, యర్రగుంట్ల వైపు నాపరాయి గనుల్లోనూ, బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీల్లోనూ పనిచేసేవారికి ఈ ఏర్పాటే మొదటి రక్షణ. అయితే దానికొక హద్దుంది. 10 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించిన రేణువులు చాలావరకు ముక్కులోనూ పై నాళాల్లోనూ ఆగిపోతాయి. 5 మైక్రాన్లకన్నా చిన్నవి వాయుగోణుల దాకా దిగుతాయి, అక్కడ శైలికలు లేవు. కంటికి కనిపించే దుమ్ము కన్నా కనిపించని దుమ్మే ప్రమాదకరం కావడానికి కారణం ఇదే. కోసేటప్పుడు రాయి మీద నీళ్లు పారించడం వేడి తగ్గించడానికి మాత్రమే అనుకోకూడదు, ఆ దుమ్మును లేవకుండా అణచడానికి కూడా. ఒకప్పుడు పులివెందుల దగ్గరి బ్రాహ్మణపల్లె ప్రాంతంలో తవ్విన రాతినార (ఆస్‌బెస్టాస్) సంగతి మరీ తీవ్రమైనది. దాని పోగులు ఊపిరితిత్తుల అంచుకు చేరి, ఇందాక చెప్పిన ప్లూరా శల్కల పొరలో దశాబ్దాల తర్వాత మీసోథీలియోమా అనే క్యాన్సర్‌కు దారితీయగలవు.

మూత్రాశయంలోని పరివర్తన ఉపకళకు ఉన్న అవసరం సాగడం. ఖాళీగా ఉన్నప్పుడు ఐదారు వరుసలుగా గుండ్రంగా కనిపించే కణాలు, మూత్రం నిండినప్పుడు రెండు మూడు వరుసలుగా చదునవుతాయి. అంత సాగినా మూత్రం గోడలోకి ఇంకదు. ఇంతకు మించి దాని గురించి చెప్పవలసింది లేదు.

గ్రంథి ఉపకళను చాలామంది విడి రకంగా చదువుతారు, నిజానికి అది పైన చెప్పిన కణాలే స్రావానికి అంకితమైన రూపం. చెమట, లాలాజల గ్రంథులకు నాళం ఉంటుంది, థైరాయిడ్‌కు ఉండదు. ఈ వర్గంలో పాఠ్యపుస్తకాలు సాధారణంగా పట్టించుకోనిది ఒకటుంది: పంటి పింగాణీ పొరను తయారు చేసే అమీలోబ్లాస్టులు. ఇవి ఉపకళ నుంచి పుట్టిన స్తంభాకార కణాలు. పన్ను ఇంకా చిగుళ్ల లోపల ఉండగానే పింగాణీని స్రవించి, గట్టిపరిచి, పన్ను బయటికి వచ్చేసరికి అంతరించిపోతాయి. తర్వాత ఎన్ని సంవత్సరాలు బతికినా ఆ కణాలు మళ్లీ పుట్టవు. అనంతపురం జిల్లాలో అనేక గ్రామాల బోరునీటిలో ఫ్లోరైడు ఎక్కువగా ఉండటం తెలిసిందే. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా సహించవచ్చని భారతీయ ప్రమాణం చెబుతోంది. చిన్నతనంలో అంతకు మించి తాగిన పిల్లల్లో ఈ కణాల పని కుంటుపడి, పింగాణీ సరిగా గట్టిపడక, పళ్ల మీద సుద్ద తెలుపు చారలూ గోధుమరంగు మరకలూ ఏర్పడతాయి. వీటిని గార పళ్లనుకొని బొగ్గుతోనూ ఇటుక పొడితోనూ తోముతారు. మరక పైన అంటుకున్నది కాదు, పొర లోపలిదే కనుక, తోమడం వల్ల ఉన్న పింగాణీ కూడా అరిగిపోతుంది. మంచి నీరు వచ్చాక పుట్టిన తమ్ముడి పళ్లు తెల్లగా ఉండి, పదేళ్లు పెద్దదైన అక్క పళ్ల మీద మరకలుండటం ఆ ఊళ్లలో మామూలుగా కనిపిస్తుంది.

చివరిగా, చోటు అవసరం మారితే ఉపకళ రకమే మారిపోయే సందర్భాలు. బీడీలు కాల్చేవారి శ్వాసనాళాల్లో, నిత్యం పొగ తగిలే చోట, శైలికలున్న కణాల స్థానంలో స్తరిత శల్కల కణాలు వస్తాయి. ఇవి పొగను తట్టుకుంటాయి గానీ శ్లేష్మాన్ని కదిలించలేవు, కాబట్టి దాన్ని దగ్గి బయటికి తేవలసి వస్తుంది. పొద్దున లేవగానే వచ్చే దగ్గులో దీని వాటా పెద్దది. మానేస్తే చాలావరకు పాత రకం తిరిగి రాగలదు. విటమిన్ ఎ లోపించినప్పుడు కంటి తెల్లగుడ్డు మీది పొర శ్లేష్మ కణాలను కోల్పోయి, పొడిబారి, కెరాటిన్ పట్టి, నురగ రంగు మచ్చలు పెడుతుంది; రేచీకటితో పాటు ఇది కనిపిస్తుంది. అంగన్‌వాడీల్లో తొమ్మిదో నెల నుంచి ఆరు నెలలకొకసారి ఐదేళ్ల దాకా పోసే విటమిన్ ఎ ద్రావణం దీని కోసమే. ఇంట్లో మునగాకూ బొప్పాయీ ఉంటే ఇంకా మంచిది.

గర్భాశయ ముఖద్వారం దగ్గర రెండు రకాల ఉపకళలు ఎదురుపడతాయి: లోపలి నుంచి వచ్చే ఒక వరుస స్తంభాకార కణాలు, బయటి నుంచి వచ్చే స్తరిత శల్కల కణాలు. యుక్తవయసులో ఈ సరిహద్దు బయటికి జరిగి, ఆమ్ల వాతావరణం తగిలి, స్తంభాకార కణాల స్థానంలో క్రమంగా శల్కల కణాలు ఏర్పడతాయి. మారుతున్న ఆ పట్టీలోనే హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా) వైరస్ తేలికగా స్థిరపడుతుంది, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ దాదాపుగా అక్కడే మొదలవుతుంది. మనుషులకు వచ్చే క్యాన్సర్లలో అత్యధిక భాగం ఉపకళవే కావడానికి, నిరంతర విభజనా, బయటి పదార్థాల తాకిడీ ప్రధాన కారణాలు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు చేసే పరీక్షలో మూడు నుంచి ఐదు శాతం ఎసిటిక్ ఆమ్లాన్ని ఆ పట్టీ మీద అద్ది ఒక నిమిషం ఆగుతారు. కేంద్రకాలు పెద్దవై కిక్కిరిసిన అసాధారణ కణాలున్న చోటు తెల్లబడుతుంది, మామూలు పొర గులాబీ రంగులోనే ఉంటుంది. సూక్ష్మదర్శిని అవసరం లేదు, శిక్షణ పొందిన నర్సు కంటితో చూసి చెప్పగలదు, ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది.